గంటన్నర మాస్టారు

జయరావు మాస్టారు రోజూ పొద్దున కాఫీ తాగాక, ఇంకే పనీ ముట్టకముందు, అట్లాసు తెరిచి రెండు ఊళ్ళ మధ్య దారం పరిచేవారు. దారం ఆయన భార్య రెబ్కా కుట్టుపెట్టెలోది. ఒక కొసను కలకత్తా మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొసను రంగూను దాకా లాగి, బిగువు సరిచూసుకుని, ఆ దారాన్ని అలాగే పేజీ అడుగునున్న కొలబద్ద మీదికి దించేవారు. తరువాత తలెత్తి వంటింటివైపు తిరిగి ప్రకటించేవారు.

"వెయ్యీ ముప్ఫై కిలోమీటర్లు."

"ఎవరికి పనిపడింది అక్కడ?" అనేది రెబ్కా పొయ్యి దగ్గర్నుంచే. "మంచినూనె అయిపోయింది. కొట్టు ఈ సందు చివర ఉంది. ముందు ఆ దూరం సంగతి చూడండి."

మాస్టారు నొచ్చుకునేవారు కారు. గొప్ప విద్యలన్నిటికీ ఇంట్లో ఇలాంటి ఆటంకాలు ఉంటూనే ఉంటాయని ఆయనకు తెలుసు. నూనెసీసా పట్టుకుని వెళ్ళేవారు. దారిలో ఎవరైనా కనిపిస్తే రంగూను దూరం చెప్పేవారు.

ప్రత్తిపాడు మిషను బళ్ళో ఆయన సోషలు మాస్టారు. హైదరాబాదు దాటి పడమటికి గానీ, మద్రాసు దాటి దక్షిణానికి గానీ ఆయన అడుగుపెట్టలేదు. విమానాన్ని నేల మీద ఉండగా ఒక్కసారి కూడా చూడలేదు. అయినా లండను నుంచి సింగపూరుకు ఎంత దూరమో అడిగితే తడుముకోకుండా చెప్పేవారు. అడక్కపోయినా చెప్పేవారు. ఆయన చేత బెత్తం దెబ్బలు తిన్న పిల్లలు ఊళ్ళో రెండు తరాల వాళ్ళున్నారు. వాళ్ళల్లో సగం మంది దెబ్బలు తిన్నది దూరాల దగ్గరే.

ఆయన బాధంతా ఊరివాళ్ళతో. ఈ పత్తిచేల మధ్య బతికే జనానికి దూరమంటే లెక్క లేదు. ఫలానా ఊరు ఎంత దూరమయ్యా అంటే, "ఒక చుట్ట కాల్చుకునేంత" అంటారు. ఎవరి చుట్ట, ఎంత పొడుగు చుట్ట, గాలి వీచే రోజా కాదా, ఏమీ చెప్పరు. మాస్టారు దీన్ని శాస్త్రం మీద జరుగుతున్న దౌర్జన్యంగా భావించేవారు. బస్సు టిక్కెట్టు మీద వేసే దూరం కూడా ఆయనకు ఆనదు.

"రోడ్డు మనుషులు వేసింది. ఎవడి చేను అడ్డమొస్తే అక్కడ వంకర తిరిగిద్ది. అసలు దూరం గాలి దూరం," అనేవారు. "గుంటూరు మనకు రోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్లైతే, గాలి దూరం పదిహేనే."

"అయితే ఈ ఏడు మిరప బస్తాలు గాల్లోనే గుంటూరు మార్కెట్ యార్డుకి తోలదాం మాస్టారూ," అన్నాడొకసారి తన అరుగు మీంచి చెంచురామయ్య. ఊళ్ళో పత్తీ మిరపా పండించే మోతుబరి ఆయన. "మూడు కిలోమీటర్ల కిరాయి కలిసొచ్చిద్ది. ఎట్టా తోలాలో నువ్వే చెప్పు."

చెంచురామయ్యది అదొక పద్ధతి. 'మాస్టారూ' అని గౌరవంగా పిలిచేవాడు. ఆ వెంటనే 'నువ్వు' అని, ఇచ్చిన గౌరవాన్ని వెనక్కి తీసేసుకునేవాడు. అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. అజ్ఞానం మీద కోపం తెచ్చుకోకూడదని బి.ఇడి.లో చెప్పారు.

ఊళ్ళో ఆయన్ని చూసి నవ్వని మనిషి ఒక్కతే ఉండేది, ఆయన అక్క అంకమ్మ. తండ్రి పోయినప్పుడు తమ్ముడు హైస్కూల్లో ఉన్నాడు. అంకమ్మ మిరపకోతలకు పోయింది. చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని, మళ్ళీ పొద్దున్నే పోయింది. అట్లా పోయి పోయి తమ్ముడిని గుంటూరులో చదివించి మాస్టారిని చేసింది. తనకు అక్షరం ముక్క రాదు. అందుకని తమ్ముడికి వచ్చిన అక్షరాలన్నీ నిజమేనని ఆమె నమ్మకం. "మా జయరావు చెప్పాడంటే ఇంకేంది," అనేది. ఆ ఒక్క మాట చాలు, మాస్టారు మిగతా ఊరినంతా క్షమించేసేవారు.

ఈ అంకమ్మకు ఒక్కతే కూతురు, జయకుమారి. గుంటూరులో నర్సు ట్రైనింగు చేసింది. పద్దెనిమిది వందల ఎనభై మూడులో కాదు లెండి, పందొమ్మిది వందల ఎనభై మూడులోనే, నవంబరు నెలలో, కువైట్లో ఒక ఆసుపత్రి నుంచి ఆమెకు ఉద్యోగం వచ్చింది. శతాబ్దం సంగతి ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఊరివాళ్ళు ఆ వార్త విన్న తీరు అట్లా ఉంది. ఎడ్లబండి మీద సంతకు పోయే ఆడవాళ్ళు దిగొచ్చి మరీ అంకమ్మ గుమ్మంలో నిలబడి, "విమానమంట గదా?" అని అడిగి వెళ్ళేవాళ్ళు.

టికెట్టు వచ్చిన రోజు దాన్ని ముందు మాస్టారి ఇంటికే తెచ్చారు. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని దాన్ని అందుకున్నారు. అట్లాసు వచ్చింది, దారం వచ్చింది. బొంబాయి మీద బొటనవేలు పడింది.

"రెండువేల ఏడొందల యాభై. గాలి దూరం," అన్నారు మాస్టారు. ఈసారి ఆ మాట మీద ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళకు గాలి దూరానికి ఒక గిరాకీ దొరికింది. "బొంబాయిలో శనివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరిద్ది. తొమ్మిదిన్నరకల్లా కువైట్లో దిగిద్ది. గంటన్నర ప్రయాణం."

"గంటన్నరేనా!" అంది అంకమ్మ. "గుంటూరు పోయి రావటానికి అంతకన్నా ఎక్కువ పట్టిద్ది గదరా?"

"బస్సు దొరికితే," అంది రెబ్కా.

మాస్టారు కాగితం తీసుకుని భాగహారం చేశారు. గంటకు పద్దెనిమిది వందల కిలోమీటర్లు తేలింది. తెలివిగలవాడు ఎవడైనా ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాడు. మాస్టారు కూడా ఆగారు. ఆగి, ఆ అంకె కింద రెండు గీతలు గీసి, "శాస్త్రం ఎంత ముందుకు పోయిందో చూడండి," అన్నారు.

జయకుమారి టికెట్టును ఇటు తిప్పి చూసింది. తిరుగు విమానం వేళలు కూడా అందులోనే ఉన్నాయి. "మామయ్యా, వచ్చేటప్పుడు పదకొండింటికి ఎక్కితే సాయంత్రం అయిదున్నరకు బొంబాయి అని రాశారే. ఆరున్నర గంటలు పడుతోంది. దూరం అదే గదా?"

మంచి ప్రశ్న. బళ్ళో అడిగి ఉంటే మాస్టారు కూర్చోమనేవారు. మేనకోడలు, పైగా దేశం దాటిపోతున్న పిల్ల కాబట్టి సమాధానం వెతికారు. ఆయన దగ్గర సమాధానాలకు లోటు లేదు. ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో ఏదో ఒక పేజీలో ఉండే తీరుతుంది.

"ఈశాన్య రుతుపవనాలు," అన్నారు. "ఇప్పుడు నవంబరు. గాలి ఇటునుంచి అటు వీస్తది. పోయేటప్పుడు వెనకనుంచి తోస్తది. వచ్చేటప్పుడు ఎదురు తగులుద్ది."

"మన ఊరి బస్సుకి మాత్రం పోయేటప్పుడూ ఎదురుగాలే, వచ్చేటప్పుడూ ఎదురుగాలే," అంది రెబ్కా.

అంకమ్మకు రుతుపవనాలతో పని లేదు. ఆమె మనసులో ఇంకోటి పడింది. "నా బిడ్డ గాల్లో ఉన్నంతసేపూ నేను గుటక మింగను. కాళ్ళు నేల మీద ఆనినాక తాగుతా మంచినీళ్ళు," అంది. ఎవరూ వద్దనలేదు. అంకమ్మ అన్న మాటకు ఊళ్ళో ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

ఈ మొక్కుబడి సంగతి మిషను గుడిదాకా పోయింది. ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరినైనా ఆపరేషనుకు తీసుకుపోతే, వాళ్ళు బయటికి వచ్చేదాకా గుళ్ళో గొలుసు ప్రార్థన జరుగుతుంది. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకోవాలి. మధ్యలో గొలుసు తెగకూడదు. అంతకుముందు ఏడాది ఆదెయ్యకు వరిబీజం ఆపరేషనప్పుడు పొద్దున్నే మొదలుపెట్టారు. డాక్టరుగారు ఏదో పెళ్ళికి వెళ్ళి మధ్యాహ్నం దాటాక వచ్చారట. ఇక్కడ గుళ్ళో వచ్చిన కీర్తనలన్నీ అయిపోయి, క్రిస్మసు పాటలు కూడా పాడేశారు, మే నెలలో. ఆ అనుభవం ఎవరూ మరిచిపోలేదు. అందుకని, జయకుమారి రైలెక్కి బొంబాయి పోయాక, శుక్రవారం సాయంత్రం పాస్టరు ప్రేమదాసు అయ్యగారు విమానానికి కూడా గొలుసు ప్రార్థన పెడదామనగానే, భక్తి ఉన్నవాళ్ళు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పత్తితీతల రోజులు. పొద్దున చేలో దిగకపోతే కూలి పోతుంది.

"మాస్టారూ, విమానం గాలిలో ఎంతసేపు ఉంటుంది?" అని అడిగారు అయ్యగారు.

"గంటన్నర అయ్యగారూ."

గుడి మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఆదివారం ప్రసంగం కూడా ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సాగుతుంది.

శనివారం పొద్దున ఎనిమిదికి ముందే గుడి నిండింది. మాస్టారు గడియారం చూసుకుంటూ వేదిక పక్కన నిలబడ్డారు. గోడవతల చెంచురామయ్య వచ్చి కూర్చున్నాడు. ప్రార్థన అయిపోగానే పత్తి ఏరేవాళ్ళను చేలోకి తోలుకుపోవాలని. ఎనిమిది కాగానే మాస్టారు చెయ్యెత్తి, "ఎగిరింది," అన్నారు. రెబ్కా మొదటి ప్రార్థన అందుకుంది. మాస్టారు మధ్యమధ్యలో, గొలుసు తెగకుండా మెల్లిగా, "ఇప్పుడు సముద్రం మీద," అనీ, "సగం దాటింది," అనీ, "అదుగో తీరం," అనీ చెబుతూ వచ్చారు. తీరం కనిపించిందనగానే ఆడవాళ్ళ గొంతులు లేచాయి. ఆ గుళ్ళో కూర్చున్నవాళ్ళకు తామంతా విమానం కిటికీ పక్కనే ఉన్నట్టుంది. మాస్టారికైతే తనే నడుపుతున్నట్టుంది.

తొమ్మిదిన్నరకు ఆయన చెయ్యి దించారు. "దిగింది."

"ఆమెన్," అన్నారు అయ్యగారు.

గుడి మెట్ల మీద ఇడ్లీ గిన్నె దించారు. అంకమ్మ ముందురాత్రి నుంచీ నీళ్ళు ముట్టలేదు. విస్తరాకు చేతిలోకి తీసుకుని, తినకుండా తమ్ముడి వైపు చూసింది.

"ఒరే జయరావూ, దిగిందంటావా?"

"దిగిందక్కా."

"నేల మీద ఆనిందా?"

"ఆనింది. ఈపాటికి పెట్టె పట్టుకుని బయటికి నడుస్తా ఉంటది."

అంకమ్మ తిన్నది. కాఫీ తాగింది. కొంగు బిగించి, అందరితో కలిసి చెంచురామయ్య చేలోకి పత్తి ఏరటానికి పోయింది. ఆ రోజు ఆమె పాట కూడా పాడిందని చెప్పుకున్నారు.

మర్నాడు ఆదివారం ప్రసంగంలో అయ్యగారు దీన్నే ఉదాహరణగా తీసుకున్నారు. విశ్వాసుల ఆఖరి ఆమెనూ, విమానం చక్రాలు నేల తాకటమూ ఒకే నిమిషంలో జరిగాయని చెప్పారు. జనం తలలూపారు. మాస్టారు ముందు బెంచీలో కూర్చుని, తన పేరు చెప్పనందుకు కొంచెం నొచ్చుకున్నారు.

టెలిగ్రాం మాత్రం రాలేదు. "వస్తది. పరదేశం టెలిగ్రాం గదా," అన్నారు మాస్టారు. అది ఒక్కటే ఆయన చెప్పిన వాటిలో నిజమైన మాట. కానీ ఆ సంగతి ఆయనకు అప్పుడు తెలియదు.

సోమవారం రెండో పిరియడు ఎనిమిదో తరగతి. ఆ రోజు పాఠం రేఖాంశాలు. మాస్టారు ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న పాఠం. పుస్తకం చూడనక్కర్లేదు, వినాల్సిన అవసరం కూడా ఆయనకు లేదు. నోరు దానంతట అదే చెప్పుకుపోతుంది. "తూర్పున ఉన్న దేశాలకు సూర్యుడు ముందు కనిపిస్తాడు. పడమటి దేశాలకు వెనక. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున తేడా. కాబట్టి మనకు మధ్యాహ్నమైనప్పుడు అరేబియాలో ఇంకా..."

నోరు ఆగింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి మాస్టారు తన పాఠం తాను విన్నారు.

పిల్లలు కాసేపు చూశారు. మాస్టారు బోర్డు వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే ఒక తీసివేత చేశారు. చెరిపేసి మళ్ళీ చేశారు. రెండోసారి కూడా సుమారు రెండున్నర గంటలే వచ్చింది. టికెట్టు మీద రాసిన తొమ్మిదిన్నర కువైట్ వాళ్ళ తొమ్మిదిన్నర. ప్రత్తిపాడు గుడిలో అప్పటికి మధ్యాహ్నం పన్నెండు. గంటకు పద్దెనిమిది వందల కిలోమీటర్లు పోయే విమానం ఎక్కడా లేదు. రుతుపవనాలు ఎవరినీ తోయలేదు. ఇదే సంగతి చెప్పలేకపోయినందుకు ఆయన ఎంతమంది పిల్లల అరచేతులు వాయగొట్టారో లెక్కే లేదు.

"మీరే చదువుకోండి," అని కుర్చీలో కూలబడ్డారు.

ఈ మాత్రానికి కూలబడటం దేనికని అడగవచ్చు. లెక్క తప్పింది, సరే. పిల్ల ఎప్పుడో దిగి ఉంటుంది. మాస్టారు కూడా తనకు తాను అదే చెప్పుకున్నారు. కానీ ఒకవేళ దిగకపోతే? ఇప్పటిదాకా టెలిగ్రాం రాకపోవటం తపాలావాళ్ళ బద్ధకంగా కనిపించింది. ఇప్పుడు అట్లా కనిపించటం లేదు. ఆమెన్ అన్నప్పుడు విమానం సగం సముద్రం కూడా దాటి ఉండదు. ఆ తరువాత రెండున్నర గంటలు ఆ పిల్ల నీళ్ళ మీద ఉంది. ఇక్కడ ఒక్కరి నోట్లో కూడా ఆమె పేరు లేదు. అందరూ ఇడ్లీలు తిని పత్తిచేలో ఉన్నారు. ఏదైనా జరిగి ఉంటే, అప్పుడే జరిగి ఉంటుంది.

సాయంత్రం బడి వదలగానే చెంచురామయ్య ఇంటికి రేడియో వార్తలు వినటానికి పోయారు.

"ఏంది మాస్టారూ, వార్తలు వినటానికొచ్చావా, చెప్పటానికొచ్చావా?"

మాస్టారు రేడియో పక్కన కూర్చుని ఆఖరి దాకా విన్నారు. ఏ విమానమూ కూలలేదు. ఈ కబురు ఆయన్ని ఒక ఫర్లాంగు దాకా కాపాడింది. రేడియో అన్ని విమానాల సంగతీ చెబుతుందా అనే అనుమానం ఫర్లాంగు రాయి దగ్గర మొదలైంది. ఇంటివైపు తిరగాల్సిన మనిషి గుళ్ళోకి నడిచి మోకాళ్ళ మీద కూర్చున్నారు. శనివారం మిగిలిపోయిన రెండున్నర గంటల ప్రార్థన, సోమవారం సాయంత్రం మొదలుపెట్టారు.

అయ్యగారు దీపం వెలిగించటానికి వచ్చి చూశారు. "ఏంటి మాస్టారూ, ఈ వేళప్పుడు?"

మాస్టారు చెప్పారు. రేఖాంశాలతో సహా చెప్పారు. చివరికి అడిగారు, "జరిగిపోయిన దానికి ఇప్పుడు ప్రార్థన చేస్తే చెల్లుద్దాండీ?"

అయ్యగారు దీపం వత్తి సరిచేశారు. "దేవుడికి అన్ని దేశాల టైమూ తెలుసు మాస్టారూ." గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. "మనకు తెలియదని ఊళ్ళో చెప్పనక్కర్లేదు. నిన్న ప్రసంగంలో అంతమందిలో ఆమెనూ చక్రాలూ అన్నాను. డిస్ట్రిక్టు ప్రెసిడెంటుగారికి ఉత్తరం కూడా రాసేశాను."

అది తెలివైన సలహా. మాస్టారు దానికి ఒప్పుకునే గుడి బయటికి వచ్చారు. నోరు మూసుకుంటే చాలు. రేపో ఎల్లుండో టెలిగ్రాం వస్తుంది, అంతా గాలికి కొట్టుకుపోతుంది. కానీ ఇంటికి పోవాలంటే అంకమ్మ గుమ్మం దాటాలి. ఆమె వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. పత్తికాయల డొప్పలు గీరుకుని ఆమె వేళ్ళ చివరలు పగిలి ఉన్నాయి.

"దా, కూకో. తిని పోదువు," అంది.

ఆ 'దా' అన్న మాటకు మాస్టారి తెలివి కాస్తా జారిపోయింది.

"అక్కా, ఒక సంగతి. శనివారం మనం తొమ్మిదిన్నర అనుకున్నాం చూడు, అది ఆళ్ళ తొమ్మిదిన్నర. మనకి అప్పుడు పన్నెండు."

"మనకి పన్నెండైతే ఆళ్ళకి తొమ్మిదిన్నర ఎట్టయిద్దిరా? ఆళ్ళ గడియారం చెడిందా?"

"గడియారం కాదక్కా. సూర్యుడు."

"సూర్యుడు చెడ్డాడా?"

మాస్టారు వంకాయ ఒకటి తీసుకుని, భూమి అన్నారు. పొయ్యి సూర్యుడన్నారు. వంకాయను మెల్లిగా తిప్పారు. తొడిమ పక్కన ప్రత్తిపాడు, కొంచెం ఇవతల కువైట్. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన అంత బాగా పాఠం చెప్పిన రోజు ఇంకోటి లేదు. అంకమ్మ కత్తిపీట పక్కకు జరిపి విన్నది. ఎనిమిదో తరగతి పిల్లలు ఏడాదికి కూడా తెలుసుకోలేనిది ఆమెకు ఒక్కసారికే తెలిసింది.

"అంటే నేను ఇడ్లీ తిన్నప్పుడు నా బిడ్డ యాడుంది?"

"సముద్రం మీద."

"నేల మీద ఆనిందన్నావు."

"అన్నాను."

"పెట్టె పట్టుకుని బయటికి నడుస్తందన్నావు గదరా. అది ఏ పటంలో చూశావు?"

మాస్టారి దగ్గర ఎప్పుడూ ఏదో ఒక పేజీ ఉండేది. దీనికి మాత్రం లేదు. రేఖాంశం మరిచిపోవటం వేరు. ఎక్కడా చూడని మాట, ఎవరూ చెప్పని మాట, అక్క అడిగింది కదా అని అల్లి చెప్పటం వేరు. చేతిలో ఇంకా వంకాయ ఉంది. దాన్ని మెల్లిగా గిన్నెలో పెట్టారు.

అంకమ్మ అరవలేదు. మామూలుగా ఆమె గొంతు నాలుగిళ్ళ అవతలికి వినపడుతుంది. ఆమె అరిస్తే బాగుండునని మాస్టారు అనుకున్నారు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి పొయ్యిలో పోసింది. తరిగిన వంకాయల మీద మూత పెట్టింది. "కబురొచ్చిందాకా ఈ పొయ్యి వెలగదు," అని లోపలికి పోయింది.

మర్నాడు తిండి లేకుండానే పత్తికి పోయింది. నీళ్ళు కూడా తాగలేదని పక్కచాళ్ళవాళ్ళు చూశారు. మధ్యాహ్నానికల్లా సంగతి ఊరంతా తెలిసింది. సాయంత్రానికి ఆడవాళ్ళు ఎవరూ పిలవకుండానే గుళ్ళో చేరి గొలుసు ప్రార్థన మొదలుపెట్టారు. శనివారమే దిగిందని తాను ఆదివారం చెప్పిన విమానం క్షేమంగా దిగాలని, ప్రేమదాసు అయ్యగారు మంగళవారం ప్రార్థించవలసి వచ్చింది. ఆయన ఆ ప్రార్థనలో తేదీలూ వేళలూ లేకుండా జాగ్రత్తపడ్డారు.

మాస్టారు కూడా తినలేదు. "మీరు తినకపోతే ఆ విమానమేమీ నిలబడదు, తిన్నా కూలదు. ముందు తినండి," అని రెబ్కా రెండుసార్లు కంచం పెట్టి రెండుసార్లు తీసింది. మూడోసారి కంచం పెట్టలేదు; తను కూడా తినకుండా పడుకుంది. ఆ పూట చెంచురామయ్య గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, "మాకు రాహుకాలం, మీకు రేఖాంశం. ఎవరి తంటా ఆళ్ళకుంది మాస్టారూ," అన్నాడు. అది ఎగతాళో ఓదార్పో ఆయనకే సరిగా తెలిసినట్టు లేదు. పోతూ పోతూ, "అంకమ్మని రేపు చేలోకి రావొద్దన్నా. ఇనదు," అన్నాడు.

బుధవారం పొద్దెక్కాక పోస్ట్‌మాన్ మొహిద్దీన్ బాషా సైకిలు రోడ్డు మీద పడేసి, గట్ల మీద పరిగెత్తుకుంటూ పత్తిచేలోకి వచ్చాడు. దూరం నుంచే, "అంకమ్మా, చేరిందంట! చేరిందంట!" అని అరుచుకుంటూ వచ్చాడు. టెలిగ్రాం ఇంగ్లీషులో ఉంది. క్షేమంగా చేరాను, జయకుమారి. అంతే. శనివారం ఇచ్చిన టెలిగ్రామే, తీరుబడిగా వచ్చింది.

అంకమ్మ దాన్ని తీసుకుని చెంచురామయ్య చేతికిచ్చింది. ఆయన కూడబలుక్కుని చదివి, చేరిందనే ఉందన్నాడు. అక్కణ్ణుంచి గుడికి పోయి అయ్యగారి చేత చదివించుకుంది. ఆ తరువాత బడికి వచ్చింది. వరండాలో నిలబడి తమ్ముడి చేతికి ఇచ్చింది. ఇంతకుముందు ఆ ఇంటికి ఏ కాగితం వచ్చినా మొదట చదివేది ఆయనే. ఇవాళ పోస్ట్‌మాన్‌తో కలిపి నాలుగోవాడు.

"క్షేమంగా చేరాను, జయకుమారి," అని చదివారు మాస్టారు.

"ఆళ్ళూ అదే చెప్పారు," అంది అంకమ్మ. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. "రెబ్కాతో చెప్పు, అన్నం వండమని. నా ఇంట్లో పొయ్యి ఆరిపోయుంది. నువ్వూ రా, మొహం చూడు ఎట్టా పీక్కుపోయిందో."

మాస్టారు మూడో పిరియడు వదిలేసి ఆమె వెనకే నడిచారు.

ఊరు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. జయరావు మాస్టారు గంటన్నర మాస్టారు అయ్యారు. ప్రత్తిపాడులో ఎవరైనా గంటన్నరలో వస్తానంటే, "మన గంటన్నరా, మాస్టారి గంటన్నరా?" అని అడగటం మొదలైంది. దర్జీ బట్టలు ఆలస్యం చేస్తే మాస్టారి గంటన్నర. కరెంటు పోయి మర్నాటికి గానీ రాకపోతే మాస్టారి గంటన్నర. దూరాన్ని చుట్టల్లో కొలిచే ఊరికి కాలాన్ని కొలవటానికి ఒక కొత్త కొలమానం దొరికింది. అది ఆయన పేరు మీదే ఉంది, కాదనటానికి లేదు.

ఆ తరువాత ఊరి నుంచి ఇంకా ముగ్గురు నర్సులు గల్ఫు వెళ్ళారు. టికెట్టు వచ్చినప్పుడల్లా మాస్టారు పిలవకుండానే వెళ్ళి, అక్కడి టైము వేరు, ఇక్కడి టైము వేరు అని సరిగ్గా, ఓపిగ్గా, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఇప్పుడు ఆయన చెప్పేదాంట్లో ఒక్క తప్పు లేదు. ఎవరూ నమ్మలేదు. నాలుగు గంటలన్నారు కదా, ఎందుకైనా మంచిదని పొద్దు గూకేదాకా ప్రార్థన చేశారు.

ఎనభై ఆరులో జయకుమారి మొదటిసారి సెలవు మీద వచ్చింది. అంకమ్మ విమానం వేళ ఎవర్నీ అడగలేదు. ముందురోజు నుంచీ పస్తుండి, ఆటో దిగిన కూతుర్ని కళ్ళారా చూశాక మంచినీళ్ళు తాగింది. ఆ రెండు రోజులూ మాస్టారు ఆమె వాకిట్లోనే బల్ల మీద కూర్చున్నారు. ఆయన కూడా తినలేదు. విమానం ఇప్పుడు ఎక్కడుంటుందని ఆమె అడిగితే "తెలవదక్కా" అనాలని తయారుగా ఉన్నారు. ఆమె అడగలేదు.

జయరావు మాస్టారు నిరుడు రిటైరయ్యారు. ఇప్పుడు ప్రత్తిపాడు బస్టాండు పక్కన చిన్న కొట్టు పెట్టుకుని పలకలు, నోటుపుస్తకాలు, పెన్నులు అమ్ముతున్నారు. ఆదివారం కొట్టు తీయరు.